నెత్తురు చూసే చుట్టరికం

ఉత్తర తెలంగాణ ఆరోగ్య చరిత్ర – 9వ భాగం

మొదటి ప్రపంచ యుద్ధం ముగింపుకొస్తున్న రోజుల్లో గ్రీసు రేవుపట్నం సలోనికాలో ఎన్నో దేశాల సైన్యాలు దిగి ఉన్నాయి. ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు, సెర్బులు, సెనెగల్ నుంచి వచ్చినవారు, వాళ్లతోపాటు బ్రిటిష్ జెండా కింద వెళ్లిన మన దేశపు సిపాయిలు. సెర్బియా సైన్యంలో పనిచేస్తున్న పోలెండు డాక్టరు లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్, ఆయన భార్య డాక్టర్ హన్నా కలిసి ఎనిమిది వేల మందికి పైగా నెత్తురు తీసి గ్రూపులు చూశారు. 1919లో అచ్చయిన ఆ లెక్కల్లో మనవాళ్ల వరుస వేరుగా కనబడింది. ఇంగ్లీషువారిలో నూటికి 7 మంది బి గ్రూపువారైతే, మన సిపాయిల్లో నూటికి 41 మంది బి గ్రూపువారే.

ఆ లెక్క ఇప్పటికీ విలువైనదే. దాని మీద వాళ్లు కట్టిన సిద్ధాంతం మాత్రం నిలవలేదు. మనుషుల్లో ఎ జాతి, బి జాతి అని రెండు మూలజాతులుండేవని, అవి తర్వాత కలిసిపోయాయని హిర్ష్‌ఫెల్డ్ దంపతులు ఊహించారు. అసలు ఏ గ్రూపూ ఏ జనానికీ సొంతం కాదు. జైనూరు గోండు గూడెంలో ఉన్న నాలుగు గ్రూపులే కరీంనగర్ క్లాక్ టవర్ దగ్గర దుకాణాల్లో కూర్చున్నవాళ్లలోనూ ఉంటాయి. మారేది పాళ్లే. ఈ రెండు ముక్కలనూ కలిపి గుర్తుంచుకోవాలి. ఈ భాగంలో చెప్పబోయే కథంతా వాటి మీదే నడుస్తుంది.

పోయిన భాగంలో ఆదిలాబాద్ అడవుల్లో మలేరియా గురించి, దాన్ని తట్టుకునే క్రమంలో మన రక్తకణాల్లో పాతుకుపోయిన సికిల్‌సెల్ జన్యువు గురించి చెప్పుకున్నాం. దక్షిణాదిలో ఆ జన్యువును మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో లెమాన్, కట్‌బుష్ అనే పరిశోధకులు గుర్తించారు. తర్వాతి దశాబ్దాల్లో మన గోండు, కోలాం, పర్ధాన్ గూడేల్లోనూ అది బయటపడింది. 2023 జులై 1న కేంద్రం జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక పరీక్షలు ఊపందుకున్నాయి. ఎవరికి జబ్బుంది, ఎవరు జన్యువును మోస్తున్నారు అన్నది తేలుతోంది. మంచిదే. కానీ జబ్బు తేలిన పిల్లకు ఆ తర్వాతి పదేళ్లలో ఏం జరుగుతుందన్న దాని మీద మాట తక్కువ. చాలామందికి జరిగేది నెత్తురు ఎక్కించడం, అదీ మళ్లీ మళ్లీ.

ఎక్కించే ప్రతి సంచీ మరొకరి ఒంట్లోంచి వచ్చిన భాగమే. కిడ్నీ, చర్మం ఎలా పరాయివో నెత్తురూ అలాగే పరాయిది. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ ఎ, బి, ఓ గ్రూపులు కనిపెట్టింది ఈ సంగతి పట్టుకునే. ఒకరి రక్తద్రవంలో మరొకరి ఎర్రకణాలు వేస్తే కొన్ని జంటల్లో అవి గడ్డకట్టినట్టు గుంపులుగా అతుక్కున్నాయి. అప్పటిదాకా రక్తం ఎక్కించగానే మనుషులు ఎందుకు చనిపోతున్నారో ఎవరికీ అంతుబట్టలేదు. 1940 నాటికి ఆర్‌హెచ్ గుర్తు తోడైంది. పాజిటివ్, నెగటివ్ అని మనం చెప్పుకునేది దాన్నే.

చాలా దవాఖానల్లో ఇప్పటికీ చూసేది ఈ రెండే. కానీ ఎర్రకణం పైపొర మీద ఇలాంటి గుర్తులు మూడు వందలకు పైగా ఉన్నాయి. పెద్ద సి, పెద్ద ఇ, కెల్, డఫీ, కిడ్... ఒక్కోదానికి ఒక్కో పేరు. ఒంట్లో పుట్టుకతో లేని గుర్తు మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు ఏమీ కాదు. పిల్ల కోలుకుని ఇంటికి వెళ్తుంది. ఆ తర్వాత వారాల్లో, నెలల్లో, చడీచప్పుడు లేకుండా యాంటీబాడీలు తయారవుతాయి. మరోసారి అదే గుర్తున్న నెత్తురు ఎక్కిస్తే, నాలుగైదు రోజుల నుంచి పది రోజుల లోపల ఒళ్లు దాన్ని విరిచేస్తుంది. జ్వరం, నడుము నొప్పి, పచ్చబడ్డ కళ్లు, నల్లటి మూత్రం. హిమోగ్లోబిన్ ఎక్కించక ముందున్న దానికంటే కిందికి పడిపోవచ్చు. ఇందులో పెద్ద ప్రమాదం, లక్షణాలు సికిల్‌సెల్ నొప్పుల్లాగే ఉండటం. జబ్బే ముదిరిందనుకుని అదే రకం నెత్తురు మరో సంచీ ఎక్కిస్తే పిల్ల ప్రాణం మీదికి వస్తుంది.

కణాలకు అంటుకుని కూడా పైకి కనబడని ఈ యాంటీబాడీలను పట్టే పరీక్ష 1945 నుంచే ఉంది. కేంబ్రిడ్జిలో రాబిన్ కూంబ్స్ బృందం కనిపెట్టింది కాబట్టి కూంబ్స్ టెస్ట్ అంటాం. ఎనభై ఏళ్ల నాటి పరీక్ష అది. ఏడాదికి పలుమార్లు రక్తం ఎక్కే ప్రతి పిల్లకూ, సంచీ వేలాడదీసే ముందు, అది జరిగి తీరాలి.

ఆదిలాబాద్ వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది మరొకటుంది. 1952లోనే బొంబాయిలో వై.ఎం. భెండే, ఆయన సహచరులు ఒక వింత గ్రూపును ప్రకటించారు. మామూలు పరీక్షలో అది ఓ గ్రూపుగానే కనబడుతుంది. కానీ వీళ్లకు ఓ గ్రూపు నెత్తురు కూడా పడదు, ఎందుకంటే ఎ, బి గుర్తులు నిలబడే పునాది గుర్తు హెచ్ వీళ్లలో లేదు. బాంబే గ్రూపువారికి బాంబే గ్రూపే ఎక్కించాలి. మన దేశంలో పదివేల మందిలో ఒకరికి ఉండొచ్చని అంచనా. పెన్‌గంగకు అటూ ఇటూ, అంటే మహారాష్ట్రతోనూ, పెళ్లి సంబంధాలు నడిచే ప్రాంతం మనది కనుక ఈ పేరు మన రక్తనిధుల్లో అందరి నోటా ఉండాలి.

ఇక నెత్తురు నుంచి చర్మం దగ్గరికి వద్దాం. పరాయి కణజాలాన్ని ఒళ్లు ఎందుకు ఒప్పుకోదన్న ప్రశ్నకు అసలు జవాబు అక్కడే దొరికింది.

చర్మం అతికే విద్య మనకు కొత్త కాదు. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి చేయడం సుశ్రుతుడి కాలానికే తెలుసు. టిప్పు సుల్తానుతో యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న కావస్జీ అనే బండివాడికి పుణె దగ్గర నుదుటి చర్మంతో ముక్కు చేసిన వైనం 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయి, యూరప్ సర్జన్లకు పాఠమైంది. వీటన్నిటిలో చర్మం ఆ మనిషిదే. పక్క మనిషి చర్మం తెచ్చి అతికితే మాత్రం కొన్నాళ్లకు ఊడిపోయేది. సర్జన్ చేతివాటం బాగాలేదనో, కుట్లు సరిగా పడలేదనో అనుకునేవారు.

1940లో ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ మెడవార్ అనే కుర్ర జంతుశాస్త్రవేత్త ఇంటి దగ్గర్లో యుద్ధవిమానం కూలింది. ఒళ్లంతా కాలిన విమానచోదకుడికి అతకడానికి సొంత చర్మం చాలలేదు. ఏదైనా దారి చూపగలవా అని డాక్టర్లు మెడవార్‌ను అడిగారు. ఆ ప్రశ్న పట్టుకుని ఆయన గ్లాస్గో వెళ్లి, థామస్ గిబ్సన్ అనే సర్జన్‌తో కలిసి, కాలిన గాయాలతో ఉన్న ఒక యువతికి ఆమె అన్నదమ్ముడి చర్మాన్ని చిన్న చిన్న ముక్కలుగా అతికారు. మొదట అతుక్కుంది. తర్వాత వాచి, కరిగిపోయింది. కొన్నాళ్లాగి అదే మనిషి చర్మం మళ్లీ అతికారు. ఈసారి మొదటి దానికంటే చాలా త్వరగా పోయింది.

1943లో వెలువడిన ఆ పత్రం ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. రెండోసారి త్వరగా పోవడమంటే ఒంటికి జ్ఞాపకం ఉందని అర్థం. మశూచికి, టైఫాయిడ్‌కు ఎదురుతిరిగిన వ్యవస్థే అన్నదమ్ముడి చర్మానికీ ఎదురుతిరుగుతోంది. చర్మం ఊడటం సర్జన్ తప్పు కాదు, రోగనిరోధక వ్యవస్థ తన పని తాను చేయడమే. ఆదిలాబాద్‌లో సికిల్‌సెల్ పిల్లకు మొదటి సంచీ పడి మూడోది పడకపోవడానికి కారణమూ ఈ జ్ఞాపకమే.

ఈ తిరస్కరణ తెలిసే దాన్ని వాడుకుంటున్న చోటు మన రాష్ట్రంలోనే ఉంది. 2021లో ఉస్మానియా దవాఖానలో చర్మనిధి తెరిచారు. చనిపోయినవారి నుంచి తీసిన చర్మాన్ని కాలిన గాయాల మీద కప్పుతారు. రెండు మూడు వారాల్లో ఒళ్లు దాన్ని వదిలించుకుంటుంది. ఆ రెండు మూడు వారాలే కావాలి. ఆలోపు ఒంట్లో నీరు ఆవిరైపోకుండా, చీము పట్టకుండా ఆ చర్మం కాపాడుతుంది, సొంత చర్మం అతకడానికి గడువు దొరుకుతుంది.

మెడవార్ కథ మలుపు తిరిగింది పశువుల కొట్టంలో. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్యదూడ సాధారణంగా గొడ్డుబోతు అవుతుందని మన రైతుల్లో ఎరిగినవారున్నారు. కడుపులో రెండు దూడల మాయ రక్తనాళాలు కలిసిపోవడమే దానికి కారణం. 1945లో అమెరికాలో రే ఓవెన్ ఇలాంటి కవల దూడల నెత్తురు చూస్తే, ఒక్కోదానిలో రెండో దాని ఎర్రకణాలు కూడా కలిసి ఉన్నాయి. పుట్టాక కూడా, ఏళ్ల తరబడి. ఏదీ దేన్నీ తిరస్కరించలేదు. తర్వాత మెడవార్ బృందం ఒకే పోలిక కవలలను, వేరు పోలిక కవలలను వేరుచేయడానికి దూడల మధ్య చర్మం మార్చి చూసింది. వేరు పోలికవి తిరస్కరిస్తాయనుకున్నారు. దాదాపు అన్నీ ఒప్పుకున్నాయి!

కడుపులో ఉండగా పరిచయమైన కణాన్ని ఒళ్లు జీవితాంతం తనదే అనుకుంటుందన్నమాట. 1953లో బిల్లింగ్‌హామ్, బ్రెంట్, మెడవార్ దీన్ని ఎలుకల్లో చేసి చూపారు. తల్లి కడుపులోని ఎలుక పిల్లకు మరో జాతి ఎలుక కణాలు ఎక్కిస్తే, పెద్దయ్యాక అది ఆ జాతి చర్మాన్ని నిలుపుకుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం పెద్దలు కొత్త కోడళ్లను దేవుడి ముందుకు తెచ్చే భేటింగ్ తంతు ఎరిగినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. పరిచయం అయ్యాక వేరే ఇంటి ఆడపడుచు వంశంలో మనిషే. ఒంటిలో మాత్రం ఆ పరిచయానికి గడువు చాలా చిన్నది. పుట్టుక దాటితే తలుపు దాదాపు మూసుకుపోతుంది. ఈ పనికి మెడవార్‌కు, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్‌కు 1960లో నోబెల్ వచ్చింది. పరిచయం జరిగే చోటు ఎదురురొమ్ము వెనకున్న థైమస్ గ్రంథి. రోగనిరోధక వ్యవస్థలో దాని పాత్రను మరుసటి ఏడే జాక్ మిల్లర్ తేల్చారు. అక్కడ పెరిగే టీ కణాల్లో సొంత ఒంటి మీదికే తిరగబడేవి అక్కడే చచ్చిపోతాయి. మిగిలినవి కాపలాకు బయలుదేరతాయి.

కాపలా కణాలు చూసే గుర్తులను ఫ్రాన్స్‌లో జాన్ దోసే 1958లో పట్టుకున్నారు. అనేకసార్లు రక్తం ఎక్కినవాళ్ల ద్రవంలో ఇతరుల తెల్లకణాల మీద పనిచేసే యాంటీబాడీలు కనబడ్డాయి. అదే ఏడాది అమెరికాలో రోజ్ పేన్, హాలండ్‌లో వాన్ రూడ్ అలాంటివే పిల్లల్ని కన్న తల్లుల్లో చూశారు. బిడ్డలో సగం తండ్రిది కదా, ఆ సగాన్ని తల్లి ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. ఈ గుర్తుల పేరే హెచ్ఎల్ఏ. ఆరో క్రోమోజోమ్ మీద ఒకేచోట వరుసగా ఉంటాయి, తల్లి నుంచి ఒక వరుస, తండ్రి నుంచి ఒక వరుస బిడ్డకు చేరతాయి. వీటిలో ఇప్పటికి 30 వేలకు పైగా రకాలు నమోదయ్యాయి. కణం లోపల తయారయ్యే ప్రొటీన్ల ముక్కలను పైకి తెచ్చి టీ కణాలకు చూపడం వీటి పని. వైరస్ దూరితే ఆ ముక్క కూడా పైకి వస్తుంది, టీ కణం పట్టేస్తుంది. పరాయి కిడ్నీ వచ్చినప్పుడు చూపే గుర్తే వేరు కనుక, ఎన్నో టీ కణాలు ఒకేసారి మీద పడతాయి.

ఇక్కడ చుట్టరికం లెక్క మారిపోతుంది. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితం రాసిన హైమెన్‌డార్ఫ్, వాళ్ల సగాల గురించి వివరంగా చెప్పాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల పేరిట వంశాలు ఉంటాయి, ఒకే సగాలోవారంతా అన్నదమ్ములే, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఒళ్లు అంత దూరం లెక్కపెట్టదు. తోడబుట్టినవాళ్లలో ఇద్దరికి రెండు వరుసలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి, అసలు కలవని అవకాశం నాలుగింట ఒకటి, సగం కలిసేది రెండు వంతులు. తల్లీతండ్రీ మామూలుగా సగమే. ఒకే పోలిక కవలలకే నూటికి నూరుపాళ్లు. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ మరే చేసిన కిడ్నీ మార్పిడి నిలవడానికి కారణం ఇచ్చింది, తీసుకుంది హెరిక్ కవలలు కావడమే.

కవలలు లేనివారికి మందులు వచ్చాయి. 1960ల్లో అజథియోప్రిన్, ఆ తర్వాత నార్వే మట్టిలోని శిలీంధ్రం నుంచి తీసిన సైక్లోస్పోరిన్. మన దేశంలో 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల కిడ్నీ మార్పిడిలో విజయం సాధించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత అవయవ మార్పిడి చట్టం చేసుకుంది. 2013లో బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలు అందించే జీవన్‌దాన్ మొదలైంది. 2025లో తెలంగాణ కేంద్ర చట్టాన్ని స్వీకరించడంతో అమ్మమ్మ తాతయ్యలు, నాయనమ్మ, మనవలు, మనవరాళ్లు కూడా దగ్గరి బంధువుల జాబితాలో చేరారు. మేనమామ ఇప్పటికీ ఆ జాబితాలో లేడు, ఆయన ఇవ్వాలంటే అనుమతి కమిటీ ఒప్పుకోవాలి.

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల నుంచి డయాలసిస్ మీద నడిచే కుటుంబాలు హైదరాబాద్ వెళ్లి తప్పక చేయించేది క్రాస్‌మ్యాచ్. ఇచ్చేవారి తెల్లకణాల మీద తీసుకునేవారి ద్రవం వేసి చూస్తారు. గ్రూపు కలిసినా ఇది తేడా వస్తే మామూలు పద్ధతిలో ఆపరేషన్ లేదు, ఎందుకంటే ముందే ఉన్న యాంటీబాడీలు కొత్త కిడ్నీని గంటల్లో చంపగలవు. దీని భారం ఆడవాళ్ల మీద ఎక్కువ పడుతుంది. బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో మన దేశంలో ఎక్కువమంది స్త్రీలు, అందుకునేవారిలో ఎక్కువమంది మగవారు. ఆ స్త్రీకే కిడ్నీ కావాల్సి వస్తే, నలుగురు పిల్లల్ని కన్న ఆమె ఒంట్లో భర్త గుర్తుల మీద అప్పటికే యాంటీబాడీలు ఉండొచ్చు. భర్త ఇస్తానన్నా ఒళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఆమెకు మిగిలే పెద్ద ఆశ జీవన్‌దాన్ జాబితాయే. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కుటుంబం సరేననే క్షణం మీద ఎక్కడో ఒక తల్లి ప్రాణం ఆధారపడి ఉంటుందని నేను రాసే మాటలో అతిశయోక్తి లేదు.

మళ్లీ సికిల్‌సెల్ పిల్ల దగ్గరికి వద్దాం. ఆమెకు జబ్బును మొత్తంగా తీసేసే దారి ఎముక మూలుగ మార్పిడి. 1984లో అమెరికాలో లుకేమియా కోసం మూలుగ మార్చిన ఒక ఎనిమిదేళ్ల పాపకు సికిల్‌సెల్ కూడా పోయిందని లోకానికి తెలిసింది. మన దేశంలో అంతకు ముందటి ఏడే ముంబై టాటా మెమోరియల్‌లో మూలుగ మార్పిడి మొదలైంది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసిన తోబుట్టువు దొరికితే నూటికి తొంభై మందికి పైగా పిల్లలు బతుకుతున్నారు. ఇందులో ఎ, బి, ఓ గ్రూపు కలవాల్సిన పని కూడా లేదు. అన్న మూలుగ అందుకున్న చెల్లి గ్రూపే కొన్నాళ్లకు అన్న గ్రూపుగా మారిపోతుంది.

ఇక్కడ తిరస్కరణ రెండు వైపుల నుంచీ జరగొచ్చు. మూలుగతో పాటు వచ్చిన టీ కణాలు ఈ ఒంటినే పరాయిదనుకుని చర్మం, పేగులు, కాలేయం మీద పడతాయి. దాన్ని ఆపడానికి దశాబ్దాలుగా వాడుతున్న మందుల్లో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. అది పుట్టింది లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం చేతుల్లో. ఆయన 1948లో పోయారు. ఆయన ఆలోచించింది క్యాన్సర్ గురించి. మూలుగ మార్పిడికి తన మందు ఆధారమవుతుందని చూసే దాకా బతకలేదు.

మేనరికం సంగతి కూడా సూటిగా చెప్పాలి. దగ్గరి సంబంధాల వల్ల తలసేమియా, సికిల్‌సెల్ లాంటి జబ్బులు బిడ్డల్లో బయటపడే అవకాశం పెరుగుతుంది. అదే కారణంగా ఆ ఇళ్లలో తోబుట్టువులే కాక మేనత్త, బాబాయి, ఒక్కోసారి తండ్రి కూడా హెచ్ఎల్ఏ కలిసే దాతలవుతారు. కొత్తగా మేనరికాలు చేసుకోమని దీనర్థం కాదు. ఇప్పటికే అలాంటి ఇంట్లో జబ్బు బిడ్డ ఉంటే, పరీక్ష తోబుట్టువుల దగ్గర ఆపకుండా దగ్గరి బంధువులందరికీ చేయించాలి.

ఇంట్లో కలవనివారికి బయటి దాతల జాబితా దిక్కు. 2009లో చెన్నైలో మొదలైన దాత్రి లాంటి సంస్థలు చెంప లోపలి నుంచి పుల్లతో తీసిన తడి నుంచి హెచ్ఎల్ఏ చూసి పేరు నమోదు చేసుకుంటాయి. హెచ్ఎల్ఏ పాళ్లు జనం నుంచి జనానికి మారతాయి. సలోనికాలో బి గ్రూపు పాళ్లు మారినట్టే. అందుకే విదేశీ జాబితాల్లో లక్షల పేర్లున్నా గోండు పిల్లకు, కోలాం పిల్లకు జోడీ దొరకడం కష్టం. ఆ గుర్తులున్నవాళ్లు ఉట్నూరులో, తిర్యాణిలో, ఆసిఫాబాద్‌లో ఉన్నారు. జాబితాల్లో మాత్రం బహు తక్కువ.

పాఠకులకు, అధికారులకు నా విన్నపం ఇది. ఉట్నూరు ఐటీడీఏ పరిధిలో సికిల్‌సెల్ తేలిన ప్రతి పిల్లకు, మొదటి సంచీ నెత్తురు ఎక్కకముందే, సి, ఇ, కెల్ గుర్తులు చూసి కార్డు మీద రాసివ్వాలి. ఎక్కిన తర్వాత దాత కణాలు కలిసిపోయి ఆ లెక్క తేలడం కష్టం. కార్డు తల్లి దగ్గర ఉండాలి, ఆదిలాబాద్ రిమ్స్‌కు పోయినా, హైదరాబాద్‌కు పోయినా వెంట తీసుకెళ్లాలి. ప్రతిసారీ యాంటీబాడీ పరీక్ష అడగండి. తోబుట్టువులకు హెచ్ఎల్ఏ చూపించండి. 18 ఏళ్లు నిండి ఆరోగ్యంగా ఉన్న ఉత్తర తెలంగాణ యువత, ముఖ్యంగా గూడేల నుంచి కాలేజీలకు వచ్చిన పిల్లలు, దాతల జాబితాలో పేరు రాయించుకోండి.